నోటి మాటే అర్జీ

(2025లో గిడుగు రామమూర్తి పంతులు జయంతి నాడు, ఆయన స్మృతిలో, కువైట్‌లోని అమ్ఘరాలో చేసిన ప్రసంగానికి అచ్చు పాఠం)



ఈ గోడౌనులో కుర్చీల మీద, కడ్డీల కట్టల మీద కూర్చున్నవాళ్ళంతా మగవాళ్ళే. అక్కలు ఎక్కడున్నారని అడక్కండి. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు శుక్రవారం సెలవు దొరకడమే గగనం. దొరికినా కువైట్ నగరంలోని మాలియా దాకా వెళ్ళి, చర్చిలో ఒక గంట కూర్చుని, ఇంటికి డబ్బు పంపుకునేసరికి పొద్దు గూకుతుంది. అమ్ఘరా దాకా రావడం వాళ్ళ వల్ల కాదు. అయినా సభలో ఉన్నారు. జహ్రాలోనో, సల్వాలోనో, మిష్రిఫ్‌లోనో ఏదో వంటింట్లో అంట్లు తోముతూ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నారు. మైకు పక్కనున్న అబ్బీ, ఆ ఫోను కొంచెం ఇటు తిప్పు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదని ఎవరో మెసేజ్ పెట్టారు.

గిడుగువారి పుట్టినరోజు ఆగస్టు 29 ఈసారి శుక్రవారం పడింది కాబట్టి ఈ సభ జరుగుతోంది. గురువారం పడి ఉంటే మనలో సగం మంది ఈపాటికి లారీల కింద ఉండేవాళ్ళం.

ఈ పాఠాన్ని తర్వాత అచ్చులో చదివేవాళ్ళ కోసం అమ్ఘరా గురించి నాలుగు మాటలు. కువైట్ నగరం నుంచి జహ్రా వైపు వచ్చేటప్పుడు, ఇళ్ళు అయిపోయి దుమ్ము మొదలయ్యే చోటు ఇది. పాత ఇనుము, రాగి తీగ, అల్యూమినియం, పడగొట్టిన ఇళ్ళ తలుపులు, కలప, తుక్కు కార్లు. ఊళ్ళో ఎవరికీ అక్కర్లేదన్న సరుకంతా ఇక్కడికొచ్చి మళ్ళీ తూకానికెక్కుతుంది. వేసవిలో పగలు 11 నుంచి 4 దాకా ఎండలో పని చేయించరాదని ఇక్కడ నిబంధన ఉంది. అది జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకే. ఎల్లుండితో గడువు తీరిపోతుంది. ఆ సంగతి సెప్టెంబరు ఎండకు ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోవాలి. 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైన మిత్రిబా ఈ దేశంలోనిదే. నేను ఇక్కడ ఒక కలప యార్డులో స్టోర్ కీపరుగా పనిచేశాను. బిల్లులు రాసే పని. రాయడం వచ్చినవాణ్ణి కావడంతో చుట్టుపక్కల యార్డుల ఉత్తరాలు కూడా నాతోనే రాయించుకునేవాళ్ళు. ఇవాళ నేను చెప్పదలచుకున్న మాట ఆ ఉత్తరాల దగ్గరే పుట్టింది. దానికి ముందు గిడుగువారి సంగతి.

స్క్రాపు యార్డులో గిడుగు జయంతి ఏమిటని నవ్వినవాళ్ళున్నారు. బళ్ళో చదువుకున్నంత మేర ఆయన మనకు వాడుక భాషా ఉద్యమకారుడు. గ్రాంథికం పోవాలన్నాడు, జయంతి రామయ్య పంతులుగారితో వాదించాడు, 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టాడు, చివరికి ఆయన పక్షమే గెలిచింది. ఇది అందరికీ తెలిసిందే. నాకు అంతకంటే ముందరి గిడుగు ఇష్టం. పర్లాకిమిడి బళ్ళో పాఠాలు చెప్పుకునే ఆ మాస్టారు, కొండల మీది సవరల మాట తనకు అర్థం కావడం లేదని గమనించాడు. వాళ్ళు తెలుగు నేర్చుకుని రావాలని ఎదురుచూడలేదు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని తానే ఆ భాష నేర్చుకున్నాడు. కొండలెక్కి తిరిగాడు. వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే బడులు నడిపాడు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. ఆ కొండల్లో తిరిగే రోజుల్లోనే మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది, ఇక బతికినన్నాళ్ళూ పోలేదు. ఎవరూ వినని జనం మాట వినడానికి పోయి ఆయన చెవులు పోగొట్టుకున్నాడు. మాట్లాడే హక్కు గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. వినడం కూడా ఒక పనే, దానికీ కష్టపడాలి, నేర్చుకోవాలి అని తెలుగులో ఆయన కంటే ఎక్కువగా చేసి చూపించినవాళ్ళు నాకు కనబడలేదు.

ఇక ఉత్తరాలు.

రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు, చిట్వేలి, పుల్లంపేట, అటు గోదావరి జిల్లాలు. కువైట్‌కు మనవాళ్ళు వచ్చిన తోవలు ఇవి. వచ్చినవాళ్ళలో ఎక్కువ మందికి చదువు తక్కువ. ఫోన్లు లేని ఆ రోజుల్లో ఇంటిపని చేసే ఆడమనిషి ఇక్కడ ఒక ఉత్తరం రాయించుకోవాలంటే నాలాంటి వాడి ఎదురుగా కూర్చుని చెప్పాలి. అక్కడ మొగుడు చదివించుకోవాలంటే పోస్టుమాన్నో, బడి అయ్యవారినో బతిమాలుకోవాలి. మొగుడూ పెళ్ళాల మధ్య మాట ఇద్దరు పరాయి మగవాళ్ళ నోట పడి పోయేది. అలా పోయే మాటలో ఏముంటుంది? ‘నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను.’ అంతే. ఒకావిడ నా ముందు కూర్చుని చానాసేపు ఏడ్చి, చివరికి ‘క్షేమమని రాయండి సార్’ అంది. నేను క్షేమమనే రాశాను. ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. చెప్పినా నా చేతిరాతలో, నా భాషలో ఆ ఊరికి పోయేది. అప్పట్లో క్యాసెట్లు కూడా ఉండేవి. టేప్ రికార్డరు పెట్టుకుని అరగంట మాట్లాడి, ఊరికి పోయేవాళ్ళ పెట్టెలో పంపేవాళ్ళు. మలయాళీలైతే గల్ఫ్ ఉత్తరాల మీద పాటలే కట్టుకున్నారు. ఎస్.ఎ. జమీల్ ‘దుబాయ్ కత్తు పాట్టు’ 1977 నాటిది. మనకు అలాంటి పాట ఒకటి ఎందుకు పుట్టలేదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు దిగాయి. ఆ క్యాసెట్లు, ఆ ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. అమ్మాన్ మీదుగా లక్షా డెబ్బై వేల మంది దాకా భారతీయుల్ని విమానాల్లో ఇంటికి చేర్చారు. మనిషి ఇంటి గుమ్మం ముందు నిలబడేదాకా బతికున్నాడో లేదో తెలియని కుటుంబాలు కడప జిల్లాలో ఎన్నో. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనుకు నేనింత విలువ ఎందుకిస్తానో చిన్నవాళ్ళకు అర్థం కావాలని ఈ సంగతి ఎత్తాను.

2013 ఆగస్టులో వాట్సాప్‌లో మాటను రికార్డు చేసి పంపే బొత్తాం వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్ళు టైపు చేసే ఓపిక లేనివాళ్ళ కోసం చేశారేమో. మన దగ్గర అది టైపు చేయడం రానివాళ్ళ చేతికి చిక్కింది. బొత్తాం నొక్కి పట్టుకుంటే చాలు. అక్షరం అక్కర్లేదు, అయ్యవారు అక్కర్లేదు. పుల్లంపేట యాస పుల్లంపేట యాసగానే పోతుంది, అమలాపురం యాస అమలాపురం యాసగానే వస్తుంది. మధ్యలో దిద్దేవాడు లేడు. 1910లలో పరీక్షలో వ్యాసం వాడుక భాషలో రాయనివ్వాలా వద్దా అని మన పండితులు ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు. కువైట్ వంటింట్లో ఒకావిడ ఆ గొడవ పేరైనా వినకుండా దాన్ని దాటేసింది.

వాట్సాప్ గ్రూపు అంటే ఏమిటో దగ్గరగా ఒకటి చూపిస్తాను. మా ఊళ్ళవాళ్ళదే ఒకటుంది. పేరు చెప్పను. పొద్దున దేవుడి బొమ్మలు, శుక్రవారం చికెన్ ధర, ఎవరి పిల్ల పెద్దమనిషి అయింది, ఎవరి పొలంలో బోరు ఎండింది. మూడొంతులు ఇదే. దాన్ని చూసి ‘ఇందులో ఏముంది’ అనేవాళ్ళు చదువుకున్నవాళ్ళే. 2024 జూలైలో ఇక్కడి ప్రభుత్వం ఒక దారి తెరిచింది. ఇంట్లో పనిచేసే 20వ నంబరు వీసా నుంచి కంపెనీల్లో పనిచేసే 18వ నంబరు వీసాకు మారవచ్చు, జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకే. ఆ రెండు నెలలూ ఆ గ్రూపు నిద్రపోలేదు. రాత్రి ఒంటిగంటప్పుడు ఒకావిడ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల కొళాయి నీళ్ళు పారుతున్నాయి. మాట బయటికి వినబడకుండా ఆమే తిప్పి పెట్టింది.

“అన్నా, ఇరవైని పద్దెనిమిది చేస్తాండారంట గదా. మా బాబా సంతకం పెడతానంటాండాడు. ఏజెంటు నాలుగొందల దీనార్లు కావాలంటాండాడు. నిజంగా అంత ఐతాదా?”

బాబా అంటే ఇంటి యజమాని. జవాబిచ్చింది అమ్ఘరాలో డైనా లారీ నడిపే కుర్రాడు. అది కూడా నోటి మాటే.

“అక్కా, సర్కారుకు కట్టేది యాభై దీనార్లు. అకామాకు ఏడాదికి పది. నువ్వు ఆ ఇంట్లో చేరి ఏడాది నిండిందా లేదా, అది చెప్పు ముందు. నాలుగొందలు ఎవురికీ ఇయ్యబాక.”

ఆ తర్వాత ఇంకొకరు కల్పించుకుని, బతాకా, అంటే సివిల్ ఐడీ కార్డు, ఫోటో గ్రూపులో పెట్టొద్దు, విడిగా పంపు అన్నారు. మరొకరు ప్రభుత్వ సేవల సహెల్ యాప్‌లో ఎక్కడ నొక్కి చూడాలో తన తెర చూపించే వీడియో పెట్టారు. తెల్లారేసరికి అదే ప్రశ్న ఇంకో నలుగురు ఆడవాళ్ళు అడిగారు. ఆ నలుగురికీ ఆమే జవాబు చెప్పింది. రాత్రి అడిగినావిడే.

మనిషికి గొంతు ఉండటమని నేననేది దీన్నే. గోడు వెళ్ళబోసుకోవడం ఎక్కడైనా జరుగుతుంది. అడిగి తెలుసుకుని, తెలుసుకున్నది మరొకరికి తన నోటితో చెప్పడం అలాంటిది కాదు. 2025 జూలై 1 నుంచి 18వ నంబరువాళ్ళు దేశం దాటాలంటే యజమాని నుంచి ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. ఆ నిబంధన మనలో ఎంత మందికి పత్రిక చూసి తెలిసింది, ఎంత మందికి గ్రూపులో ఎవరో చెబితే తెలిసింది? చేతులెత్తనక్కర్లేదు, నాకు తెలుసు.

కానీ మన దేశంలో ఎవరైనా మన గురించి విన్నారంటే అది ఈ గ్రూపుల వల్ల కాదు. ఏడ్చే వీడియోల వల్ల. 2024 జూలైలో కువైట్ ఎడారిలో పశువుల దగ్గర చిక్కుకున్న మన రాయలసీమ మనిషి ఒకాయన ఏడుస్తూ వీడియో పెట్టాడు. అది ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ దాకా పోయింది. రాయబార కార్యాలయం కదిలింది, కొద్ది రోజుల్లోనే ఆయన ఇల్లు చేరాడు. చాలా మంచి పని, ఆ విషయంలో రెండో మాట లేదు. అదే నెలలో సౌదీ ఎడారి నుంచి మరో తెలుగు మనిషి ఏడుపు వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి, మరొకటి. అంతకు ముందు 2020లో, కోవిడ్ నడుమ ఇక్కడ ఆమ్నెస్టీ, అంటే వీసా గడువు మీరినవాళ్ళకు క్షమాభిక్ష, ఇచ్చినప్పుడు, విమానాలు లేక శిబిరాల్లో వారాల తరబడి ఉన్న మనవాళ్ళు ఫోన్లలో తీసి పంపిన దృశ్యాలే తెలుగు టీవీల్లో వచ్చాయి.

నా బాధ ఇది. ఈ పద్ధతిలో వినబడాలంటే మనిషి ఏడవాలి. కంట నీరు పెట్టకుండా ‘నాకు నాలుగు నెలల జీతం రావాలి, నా పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది, అది చట్టం ఒప్పదు’ అని నిదానంగా చెప్పిన మనిషి వీడియోను ఎవరు పంచుకుంటారు? ఆ ఏడుపుకు కూడా పోటీ ఉంది. మొదటిది కదిలించినట్టు పదోది కదిలించదు. ఇంకొకటి కూడా. మగవాడైతే ఇంటికి పోయి రెండు నెలల్లో మామూలు మనిషవుతాడు. ఆడమనిషి ముఖం మాత్రం యూట్యూబ్‌లో, ఎర్రక్షరాల శీర్షిక కింద, ఆమె కూతురి పెళ్ళి సంబంధాల నాటికి కూడా అలాగే ఉంటుంది. పైగా వీడియో పెట్టినవాళ్ళకు ఇక్కడ 2015 నాటి 63వ నంబరు చట్టం ఉంది. ఫోన్లు, ఇంటర్నెట్టుతో జరిగే నేరాల చట్టం. యజమాని ఇల్లు, ఇంట్లోవాళ్ళ ముఖాలు చూపించారంటే కేసు వాళ్ళ మీదే తిరుగుతుంది. అందుకే మంచి గ్రూపుల్లో మొదటి కట్టుబాటు అదే: మాట పంపు, ముఖం పంపొద్దు.

ఫోను మన పక్షమే అనుకోవడానికి కూడా లేదు. 2019 అక్టోబరు ఆఖరున బీబీసీ అరబిక్ వాళ్ళు ఒక పరిశోధన బయటపెట్టారు. ‘ఫోర్‌సేల్’ అనే యాప్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఇంటిపని ఆడవాళ్ళను ఫోటోలు పెట్టి, ధర పెట్టి, పాత సోఫాల పక్కనే అమ్మకానికి పెడుతున్నారని. వాళ్ళు కొనేవాళ్ళ వేషంలో పోయి చూస్తే గినీ దేశపు పదహారేళ్ళ పిల్ల కనిపించింది. ఏ పనిముట్టులో మనం గొంతు కలుపుకుంటున్నామో, అదే పనిముట్టులో మనకు వెల కడుతున్నారు. అంతకు ముందు ఏడాదే ఇక్కడి ఇన్‌స్టాగ్రామ్ ప్రముఖురాలు సోందోస్ అల్ ఖత్తాన్, పనిమనిషికి వారానికో సెలవేమిటి, పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉంటే ఎలా అని వీడియో పెట్టింది. అందరూ ఆమెను తిట్టారు, ఆమెతో ప్రకటనలు చేయించుకునే కంపెనీలు ఆమెను వదులుకున్నాయి. నేను మాత్రం ఆమెకు ఒక రకంగా రుణపడి ఉన్నాననుకుంటాను. చాలా ఇళ్ళలో తలుపులేసుకుని అనుకునే మాటను ఆమె బయటికి అనేసింది. అందరికీ వినబడింది కాబట్టే అందరూ జవాబు చెప్పగలిగారు.

ఆమెకు నచ్చని ఆ షరతులు ఏ ఒప్పందంలోవో మనవాళ్ళు తెలుసుకోవాలి. 2018లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఫ్రీజరులో దొరికింది. ఆ దేశం తన మనుషుల్ని ఇక్కడికి పంపడం ఆపేసింది. మే నెలలో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. పాస్‌పోర్టుతో పాటు సెల్‌ఫోను కూడా పనిమనిషి దగ్గరే ఉండాలన్న షరతు అందులో ఉంది. జీతం, తిండి, నిద్రలతో సమానంగా ఫోనును ఒప్పంద పత్రంలో రాయించుకున్నారు. ఇంట్లో గొళ్ళెం వేస్తే ఆమెకు మిగిలే ఏకైక కిటికీ అదేనని వాళ్ళకు తెలుసు. మన దేశం కూడా 2021 జూన్‌లో ఇంటిపనివాళ్ళ మీద కువైట్‌తో అవగాహన పత్రం రాసుకుంది. 2015 నాటి ఇక్కడి 68వ నంబరు చట్టమే వారానికో సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి నెల జీతంతో సెలవు అంటోంది. అయినా ‘పని టైములో ఫోను వద్దు’ అని మొదలుపెట్టి ఇరవైనాలుగు గంటలూ బీరువాలో పెట్టి తాళం వేసే ఇళ్ళున్నాయి. అలాంటి ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఈ ప్రసంగం వినడం లేదు.

ఇంకో మాట చెప్పాలి, మగవాళ్ళకు రుచించదు. ఫోను మీకు మీ భార్యను దగ్గర చేసింది. కొందరు దాన్ని పగ్గంగా కూడా వాడుకుంటున్నారు. పదహారు గంటలు పనిచేసి పడుకోబోయే మనిషికి ఊళ్ళో ఉన్న మొగుడు వీడియో కాల్ చేస్తాడు. యాడుండావు, గదిలో ఎవురుండారు, ఫోను తిప్పి చూపించు, బాత్రూము తలుపు తెరువు. ఆమె తిప్పి చూపిస్తుంది. జీతం పడిన రోజు అడిగే గొంతు వేరు, మిగతా రోజుల గొంతు వేరు. ఉత్తరాల కాలంలో ఆమెకు మాట లేదు, నిజమే. ఇప్పుడు మాట ఉంది, కానీ ఆ మాటకు క్షణక్షణం లెక్క చెప్పాల్సి వస్తోంది. ఆమె గ్రూపులో అడుగుపెట్టిన వేళ చూడండి, తెలిసిపోతుంది. ఇంటివాళ్ళూ పడుకున్నాక, మొగుడూ పడుకున్నాక.

టిక్‌టాక్ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. 2020 జూన్ 29న దాన్ని మన దేశంలో నిషేధించారు, కువైట్‌లో అది నడుస్తూనే ఉంది. వంటింట్లో పాటకు నాలుగడుగులు వేసి వేల మంది మెప్పు పొందిన మన ఆడపిల్లలకు ఒక్క రాత్రిలో ఊరు కనుమరుగైంది. మిగిలింది గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళే. కొందరు అది పోవడమే మేలన్నారు, ఇక ఊళ్ళో ఎవరూ చూడరు కదా, ఇష్టమొచ్చినట్టు ఆడుకోవచ్చని. తెలివైన మాటే.

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికుల భవనం అంటుకుంది. నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్ళలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. ఆ రోజు గ్రూపులు చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ వాటి మీద గౌరవం పెరుగుతుంది. ఒక్కో ఊరి గ్రూపులో ఒక్కో మనిషి పేరు పెట్టి, ‘ఉన్నాను’ అనే మాట వచ్చేదాకా వదల్లేదు. రాయమని కాదు, మాట్లాడమని. గొంతు వింటే తప్ప ఇంట్లోవాళ్ళు నమ్మలేదు.

ఇక నేను అడగదలచుకున్నది.

మనలో చాలా మంది పాస్‌పోర్టుల మీద ఈసీఆర్ అనే ముద్ర ఉంటుంది. పదో తరగతి పాసు కాలేదని దాని అర్థం. 1983 నాటి వలస చట్టం కింద, చదువు తక్కువవాళ్ళు మోసపోతారు కాబట్టి ప్రభుత్వం అనుమతి ఇచ్చాకే గల్ఫ్‌కు పోవాలని పెట్టారు. ఉద్దేశం మంచిదే. అంటే ఈ మనిషికి చదవడం రాయడం సరిగా రాదని ప్రభుత్వానికి ముందే తెలుసు, ముద్ర కొట్టి మరీ చెబుతోంది. తీరా ఆ మనిషి ఇక్కడికొచ్చి కష్టంలో పడితే చెప్పుకోవడానికి ఏమిచ్చింది? 2015లో వచ్చిన మదద్ పోర్టల్. గళ్ళు, అక్షరాలు, టైపు చేయాలి, పత్రాలు జతచేయాలి. రాయబార కార్యాలయం వాట్సాప్ నంబర్లు పెట్టింది, ఓపెన్ హౌస్ పెడుతోంది, కాదనను. కానీ వివరం పంపమన్నారంటే చివరికి అది రాతలోనే ఉండాలి. రాయడం రాదని ముద్ర కొట్టిన మనిషిని రాసి తెమ్మంటున్నాం. ఆమె మళ్ళీ నాలాంటి వాడి ముందుకొచ్చి కూర్చోవాలి. నేను మళ్ళీ ‘క్షేమం’ అని రాస్తాను.

కాబట్టి నోటి మాటనే అర్జీగా తీసుకోవాలి. ఒక నంబరు ఉండాలి, అందులో ఏ యాసలో మాట్లాడినా చెల్లాలి. ఆ మాట విని, కాగితం మీదికి ఎక్కించే తెలుగు మనిషి ఒకరు ఆఫీసులో కూర్చోవాలి. చిత్తూరు తెలుగూ, కాకినాడ తెలుగూ, నిజామాబాద్ తెలుగూ అర్థమయ్యేవాళ్ళు. ఎక్కించినదాన్ని తిరిగి ఆమెకు చదివి వినిపించి, ‘నువ్వు చెప్పింది ఇదేనా అమ్మా’ అని అడగాలి. ఔనన్నాకే అది దాఖలు కావాలి. దాఖలు నంబరు కూడా మాటలోనే పంపాలి, అంకె అంకె విడదీసి. ఏమైందో పదిహేను రోజులకొకసారి మాటలోనే చెప్పాలి. దీనికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు. వినే మనిషికి జీతమివ్వాలి, అంతే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ గల్ఫ్ కార్మికుల గురించి మాట్లాడుతున్నాయి. వాళ్ళిద్దరూ చెరొక జీతం పెట్టుకున్నా జరిగే పని ఇది.

గొంతును నమ్మేదెలా, ఎవరైనా ఎవరి గొంతుతోనైనా మాట్లాడవచ్చు కదా అంటారు. ఇప్పుడు యంత్రాలు గొంతులను కూడా అనుకరిస్తున్నాయి కాబట్టి ఆ అనుమానం న్యాయమైనదే. కానీ వేలిముద్రను ఎలా నమ్మారో చూడండి. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డుకు కంకర సరఫరా చేసే ఒక కంట్రాక్టరు చేత కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. మాట తప్పకుండా ఉండటానికి. అక్కడి నుంచి వేలిముద్ర అనే వ్యవహారం లోకమంతా పాకింది. సంతకం చేయలేని మన తాతలు ఏం రాసుందో తెలియని కాగితాల కింద వేలిముద్రలు వేశారు, భూములు పోగొట్టుకున్నారు, ఓడలెక్కారు. ఆ ముద్రను నమ్మడానికి ఏ ప్రభుత్వమూ వెనకాడలేదు. తానేం చెబుతోందో తనకు తెలిసి మాట్లాడిన మనిషి గొంతును, బతాకా నంబరుతో సరిచూసి, ఒకసారి తిరిగి ఫోన్ చేసి కనుక్కుని నమ్మడానికి అభ్యంతరం ఉండకూడదు.

అర్జీ ముసాయిదా తయారుచేశాం. రెండు రాష్ట్ర ప్రభుత్వాలకూ, విదేశాంగ శాఖకూ. రాతలో ఒక ప్రతి పోతుంది, ఎందుకంటే వాళ్ళకు చదవడమే అలవాటు. దానితో పాటు దాన్నే చదివి రికార్డు చేసిన ప్రతి కూడా పోతుంది. ఈ రాత్రి ఆ రికార్డును గ్రూపుల్లో పెడతాం. పదకొండు నిమిషాలుంది, కాస్త ఓపిక పట్టి వినండి. అందులో తప్పున్నా, మీ ఇంటి సంగతి ఒకటి రాలేదనిపించినా, రాసి పంపనక్కర్లేదు. బొత్తాం నొక్కి చెప్పండి. వచ్చే శుక్రవారం సాయంత్రం మాలియాలో కూర్చుని అవన్నీ వరసగా వింటాం.